ఉలుకుపట్టీ

మా అక్క హైమావతికి చిన్నప్పటి నుంచీ ఒక అలవాటుంది. ఏ సంగతి విన్నా ఆశ్చర్యపోతుంది. కూరలబండి అతను వంకాయలు లేతగా ఉన్నాయంటే "నిజమా!" అంటుంది. మబ్బు చూసి వాన వస్తుందని అరగంట ముందు తనే చెప్పినా, చినుకు పడగానే "అమ్మో, వాన!" అని గుండె మీద చెయ్యి వేసుకుంటుంది.

ఆ "అమ్మో" కోసం మా బావ రంగనాయకులు ఇరవై ఆరేళ్లుగా ఇంటికి తొందరగా వస్తున్నాడు. ఆయన ఏలూరులో బస్సు కండక్టరు. రోజంతా ఎక్కిదిగే వందల మందిలోంచి ఒక్క సంగతి ఏరుకుని, గుమ్మంలో చెప్పులు విడవకముందే ఒక్క వాక్యంలో చెప్తాడు. "ఇవాళ మన బస్సులో కోడి గుడ్డు పెట్టింది." అంతే. మిగతాది కాళ్లు కడుక్కుని, టీ సగం తాగాక గానీ చెప్పడు. అక్క ఆయన వెనకాలే పంపు దాకా నడుస్తుంది. "అమ్మో! బస్సులోనా? ఎవరిదండీ కోడి? తర్వాత? చెప్పండీ!" బావ మొహం కడుక్కునే నెపంతో నవ్వు దాచుకుంటాడు.

నేను ఆమె చెల్లెల్ని, వసుంధరని. వాళ్లింటి పైగదిలో ఒక్కదాన్నే ఉంటాను. నాకు ఉలుకు లేదు. పక్కన టపాకాయ పేలితే పేలినట్టు గమనిస్తాను, అంతే. మనుషులు ఉలిక్కిపడే ఆ అర క్షణంలో వాళ్ల లోపల ఏం జరుగుతుందో నాకు అనుభవంతో తెలిసే దారి లేక మనస్తత్వశాస్త్రం చదివాను. ఐదేళ్లు కూర్చుని ఒక పట్టీ తయారుచేశాను. మణికట్టుకి కట్టుకుంటే, ఒక మాట మనిషిని పట్టుకున్న క్షణాన చర్మం మీద పుట్టే సన్నటి తడినీ, ఊపిరి ఆగే చిన్న విరామాన్నీ కలిపి లెక్కగట్టి, సున్నా నుంచి వంద లోపు ఒక అంకె చూపిస్తుంది. ఆ మాట తనను పట్టుకుందని ఆ మనిషికి తెలిసేలోపే అంకె వచ్చేస్తుంది. దానికి నేను పెద్ద పేరే పెట్టాను గానీ, అక్క ఉలుకుపట్టీ అంది. అదే నిలిచింది.

ఊళ్లోని ఒక దినపత్రిక జిల్లా డెస్కు వాళ్లు దాని మీద ఆసక్తి చూపించారు. పాత పేపర్ల గది ఖాళీ చేసి ప్రయోగశాలగా ఇచ్చారు. డెస్క్ ఇన్‌చార్జి జగన్నాథంగారు ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా శీర్షికలు పెడుతున్న మనిషి. మొదటి రోజు నన్నడిగారు.

"ఏ మాట పెడితే జనం ఆగి చదువుతారో ఈ పట్టీ చెప్తుందాండీ?"

"చెప్తుంది."

"మరి ముప్ఫై ఒక్క ఏళ్లూ నేను చేసిందేంటి?"

"అదే. కాకపోతే అంకె లేకుండా చేశారు."

మూడువందల నలభై మందికి పట్టీ కట్టి, శీర్షికలు చూపించి, అందరి అంకెల సగటు గీశాను. తర్వాత ఒక్కొక్కరి గీతనూ ఆ సగటు గీత మీద పెట్టి చూశాను. మూడువందల ముప్ఫై తొమ్మిది ఎక్కడో ఒకచోట పక్కకు జరిగాయి. ఒక్కటి మాత్రం దాని మీద అచ్చు గుద్దినట్టు కూర్చుంది. అది అక్కది.

ఎందుకో ఆలోచిస్తే తేలిగ్గానే అర్థమైంది. పెద్దవుతున్నకొద్దీ ప్రతి మనిషీ తన ఉలుకును ఎక్కడో ఒకచోట దాచడం నేర్చుకుంటాడు. ఒకడు చావు మాట దగ్గర, ఒకడు సినిమా మాట దగ్గర. అక్కకు దాచడం చేతకాలేదు. అందుకే అందరి ఉలుకూ ఆమె దగ్గర దొరుకుతుంది.

"అయితే మీ అక్కగారే జిల్లా అన్నమాట," అన్నారు జగన్నాథంగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

రోజూ సాయంత్రం ఐదింటికి పని మొదలయ్యేది. అక్క వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని చిక్కుళ్లు వలుచుకునేది. నేను డెస్కు పంపిన శీర్షికలు ఫోన్లో ఒక్కొక్కటే చూపించేదాన్ని. రోజుకు నలభై. మొదటి రోజు ఒక కోతి వార్త వచ్చింది.

"వాటర్ ట్యాంకులో కోతి." ఇరవై రెండు.

"తాగునీటిలో కోతి." యాభై ఎనిమిది.

"మీరు నిన్న తాగిన నీళ్లలో ఏముంది?" ఎనభై మూడు. అక్క చేతిలో చిక్కుడుకాయ కింద పడింది.

"అమ్మో! ఏముందే?"

"చెప్పకూడదక్కా."

"అదేంటే? చచ్చిందా బతికుందా? మనం తాగామా ఆ నీళ్లు?"

"నియమం అక్కా. శీర్షిక ఒక్కటే చూడాలి. కింద వార్త తెలిస్తే ఆ జాలో, నవ్వో తర్వాతి శీర్షిక అంకెలో కలిసిపోతుంది. ఇదిగో, రెండోది చూడు."

ఆ నియమం మీద నాకు గర్వంగా ఉండేది. ప్రయోగాన్ని అంత శుభ్రంగా ఉంచడం అందరికీ సాధ్యం కాదు.

పత్రిక అమ్మకం పెరిగింది. టీ కొట్ల దగ్గర జనం పేపరు లాక్కుని చదువుతున్నారని విలేకరులు చెప్పుకున్నారు. మా వీధిలో అక్కకు గౌరవం పెరిగింది. "ఇవాళ్టి పెద్ద శీర్షిక మా హైమ చెయ్యే ఎంచింది," అని ఎదురింటావిడ తన చుట్టాలకు చూపించేది. అక్క సిగ్గుపడుతూనే పట్టీ కనిపించేలా చీరకొంగు సర్దుకునేది. నేను పైగదిలో కూర్చుని అంకెల పట్టికలు తిరగేస్తూ ఈల వేసుకునేదాన్ని. మాటల్లో ఏది బరువైనదో, ఏది బోలుదో కళ్ల ముందు తేలుతూంటే ఉండే ఆనందం వేరు. "మరణం" ఎంత పెద్ద మాటైనా ముప్ఫై దాటదు. "మీ" అన్న చిన్న మాట ఎక్కడ పెట్టినా పది కలుస్తుంది.

నాలుగో నెలలో అంకెలు పడిపోవడం మొదలైంది. అరవై, నలభై, పద్దెనిమిది. నేను పట్టీలో లోపమేమో అని విప్పి చూశాను. లోపం పట్టీలో లేదని ముందు బావకు తెలిసింది.

ఆ రోజు ఆయన గుమ్మంలో నిలబడి, "హైమా, ఇవాళ ఒకాయన బస్సులో కిటికీ పక్క సీటు కోసం తన పెళ్లి శుభలేఖ చూపించాడు," అన్నాడు. మంచి వాక్యం. ఏరుకుని తెచ్చినది.

అక్క చిక్కుళ్ల లోంచి తల ఎత్తకుండా, "ఊ," అంది.

బావ చెప్పులతోనే కాసేపు నిలబడ్డాడు. తర్వాత తనంతట తనే పంపు దగ్గరికి వెళ్లాడు. వెనకాల ఎవరూ రాలేదు. ఆ రోజు కాళ్లు చాలాసేపు కడుక్కున్నాడు.

రెండు రోజుల తర్వాత మేడ మీదికి వచ్చి నా తలుపు కొట్టాడు.

"వసూ, నీ దగ్గర బలమైన మాటల పట్టిక ఏదో ఉందటగా. ఒకసారి ఇస్తావా?"

"ఎందుకు బావా?"

"ఊరికే. డ్యూటీలో పనికొస్తుంది."

ఇచ్చాను. మర్నాడు సాయంత్రం గుమ్మంలోంచి కేక వినపడింది. "ఘోరం! భీమడోలు బస్సులో కలకలం! వణికిపోయిన ప్రయాణికులు! మీరూ ఆ సీట్లో కూర్చున్నారా?"

వీధిలో వాళ్లంతా బయటికి వచ్చారు. ఎదురింటాయన లుంగీ ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందండీ నాయకులుగారూ?"

"ఏం లేదండీ. ఒక ముసలామె గొడుగు మర్చిపోయింది," అన్నాడు బావ నీరసంగా.

అక్క లోపలి నుంచి, "కాఫీ కలపనా, టీయా?" అని అడిగింది.

నాకు అప్పటికీ అది కాస్త నవ్వులాటగానే కనపడింది. మరుసటి ఆదివారం వాళ్లమ్మాయి మౌనిక కాకినాడ నుంచి ఫోన్ చేసేదాకా. పెళ్లై ఏడాదైంది ఆ పిల్లకి. స్పీకరులో గొంతు ఉత్సాహంతో వణుకుతోంది.

"అమ్మా! నువ్వు అమ్మమ్మవి కాబోతున్నావు!"

"సరే తల్లీ, మంచిది. అన్నం తిన్నావా?"

"అమ్మా... వినపడిందా?"

"వినపడిందమ్మా. తిన్నావా?"

బావ ఫోన్ లాక్కున్నాడు. లాక్కుని, జన్మలో ఎప్పుడూ చేయనిది చేశాడు. అక్కలాగే గుండె మీద చెయ్యి వేసుకుని, "అమ్మో! నిజమా! ఎన్నో నెల? తర్వాత? డాక్టరేమంది?" అని అరిచాడు. కూతురు నవ్వింది. ఆయన మాట్లాడినంతసేపూ అక్క వంక చూడలేదు. అక్క మాత్రం ఆయన వంకే చూస్తోంది, తనకు తెలిసిన పాట ఎవరో పాడుతుంటే పదాలు గుర్తుకు రానట్టు.

నేను ఆ పూటే పట్టీ విప్పేశాను.

మాటలు అరిగిపోయాయనుకున్నాను మొదట. ఎక్కువ వాడితే ఏదైనా అరుగుతుంది కదా, కొన్నాళ్లు వాటికి విశ్రాంతి ఇస్తే మళ్లీ పదునెక్కుతాయని మూడు వారాలు ఆగాను. పేపరు దాచేశాను, టీవీ కట్టేశాను. ఏమీ మారలేదు. అక్క అన్నం వండుతుంది, బట్టలు ఆరేస్తుంది, అడిగితే జవాబు చెప్తుంది. పట్టీ కట్టి చూస్తే నాలుగు, ఐదు.

జగన్నాథంగారు ఫోన్ చేశారు. "మీ అక్కగారు చల్లబడ్డారండీ. ఇంకో అక్క దొరుకుతుందేమో చూడండి."

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. కిందికి వెళ్లి అక్క పక్కన కూర్చున్నాను. పరిశోధకురాలిగా ఎన్నో ప్రశ్నలు వేశాను గానీ, చెల్లెలిగా ఒక్కటీ అడగలేదని అప్పుడు తట్టింది.

"అక్కా, ఎవరైనా ఏదైనా చెప్తే నీకు లోపల ఏమవుతోంది?"

"ఏమవుతుందే? ఏదో చెప్తారు. అయిపోతుంది."

"ఇదివరకు అలా ఉండేది కాదుగా."

"ఇదివరకు చెప్పేవాళ్లు. నువ్వు చెప్పవుగా. కోతి సంగతి అడిగాను, చెప్పావా? పడవ సంగతి అడిగాను. స్కూల్లో పాము సంగతి అడిగాను. కొన్నాళ్లు అడిగి మానేశాను. ఇంక అడగడం దేనికి?"

నేను లెక్క వేశాను. రోజుకు నలభై, నాలుగు నెలలు. దగ్గర దగ్గర అయిదు వేల సార్లు నేను ఆమె తలుపు తట్టి, ఆమె తీసేసరికి అక్కడ లేకుండా పోయాను. ఆమె చర్మం, ఆమె ఊపిరి ఆ పాఠం నేర్చేసుకున్నాయి. మాటలు అరగలేదు. మాట వెనకాల ఒకటి ఉంటుందన్న నమ్మకం పోయింది. దాన్ని పోగొట్టింది జబ్బూ కాదు, వయసూ కాదు. నేను గర్వపడ్డ నియమం.

బాకీ పడ్డ ఆ కథలన్నీ చెప్పేస్తే సరి కదా అనిపించింది. చెప్పాల్సిన మనిషి జగన్నాథంగారు. ఆదివారం ఉదయం పెద్ద ఫైలు చంకన పెట్టుకుని వచ్చారు. బావ ఆయనకు కుర్చీ వేశాడు. అక్క మర్యాదగా కూర్చుంది.

"కోతి వార్తమ్మా. అది ట్యాంకులో పడలేదు. ట్యాంకు మీద కూర్చుంది," అన్నారాయన మెల్లగా.

"మీదా?"

"మీదేనమ్మా. మూత మీద."

"మరి దిగిందా?"

జగన్నాథంగారు ఫైలు తిరగేశారు. "తెలీదమ్మా."

"పడవ?"

"మధ్యలో ఆగింది. ఆ పూట అంతవరకే వచ్చింది మాకు."

"ఒడ్డుకి చేరారా లేదా?"

"చేరే ఉంటారు. తెలీదమ్మా."

పాము తెలీదు. తప్పిపోయిన గేదె తెలీదు. వరసగా పదకొండు అడిగింది, పదకొండూ తెలీదు. అక్క మొహంలోకి ఏదో రంగు రావడం మొదలైంది. ఆశ్చర్యం కాదది, కోపం. ఇన్ని వారాల్లో ఆమె మొహం మీద నేను చూసిన మొదటి రంగు.

"ఇంత పెద్దవారు, ఇన్నేళ్ల సర్వీసు! మీకు ఒక్కటీ తెలీదా?"

"మర్నాటికి వేరే వార్తలుంటాయి కదమ్మా..." ఆయన కళ్లజోడు తీశారు, మళ్లీ పెట్టుకున్నారు.

అక్క ఫైలు తన ఒళ్లోకి లాక్కుంది. వేలు ఒక చోట ఆగింది. "పీటల మీద నుంచి వరుడు మాయం. తొంభై ఒకటి. ఇది బాగా గుర్తు నాకు. ఆ రాత్రి అన్నం సహించలేదు, ఆ పిల్ల ఏమైపోయిందో అని. ఏమైంది?"

జగన్నాథంగారు ఆ కాగితం తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు.

"ఏ ఊరు?"

"చినగొల్లవరం."

అక్క లేచి నిలబడింది. "ఏవండీ, చినగొల్లవరం ఎలా వెళ్లాలి?"

బావ కళ్లు పెద్దవయ్యాయి. "మన రూటే. పదింబావుకి బండి. ఇవాళ నాకు సెలవే." ఆయన చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుంటున్నాడు.

"మీరూ రండి," అంది అక్క జగన్నాథంగారితో. ఆయన ముప్ఫై ఒక్క సంవత్సరాల్లో తన శీర్షికల్లోని ఏ ఊరికీ వెళ్లలేదట. కిటికీ పక్కన కూర్చుని దారిపొడవునా ఊళ్ల పేర్లు చదువుకుంటూ వచ్చారు, తెలిసిన పేర్లు, తెలియని ఊళ్లు.

చినగొల్లవరంలో పెళ్లికూతురి ఇల్లు అడిగితే, దారిలో కనిపించినవాడు నవ్వాడు. "మాయమైన అల్లుడిగారిల్లా? ఆ రేకుల షెడ్డు పక్కది."

ఇంటి ముందు ఒక పెద్దావిడ బియ్యం చెరుగుతోంది. పేరు సీతామాలక్ష్మి, అమ్మాయి తల్లి. పేపరు అనగానే చేట కింద పెట్టేసింది.

"మీరేనా రాసింది? నాలుగు నెలలైంది బాబూ. ఇప్పటికీ బజారుకెళ్తే 'అల్లుడు ఇంట్లోనే ఉన్నాడా?' అంటారు. నవ్వుతారు. మా వియ్యపురాలైతే పండగలకి రావడం మానేసింది."

జగన్నాథంగారు ఏదో అనబోయారు. అక్క ముందుకు జరిగింది.

"రాసింది వీళ్లేనండీ. కానీ నాలుగు మాటల్లో ఏది పెట్టాలో ఎంచింది నా చెయ్యి. తప్పు నాది కూడా. అసలేం జరిగిందో చెప్తారా? నాకు తెలీదు."

లోపలి నుంచి చేతికి పిండితో ఒక అమ్మాయి వచ్చింది. భవాని. ఆమె నవ్వుతూనే ఉంది. "చెప్తానండీ. ఇన్నాళ్లకి ఒకరు అడిగారు! మా ఆయన లైన్‌మన్. పెళ్లి ఏడుంబావుకి. నన్ను బుట్టలో తెచ్చి కూర్చోబెట్టారు, మధ్యలో అడ్డుతెర పట్టారు. జీలకర్ర బెల్లం చేతిలో ఉంది. అప్పుడు కరెంటు పోయింది."

"అయ్యో!" అన్నాడు బావ.

"చీకట్లో తెర కింద నుంచి ఒక చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. 'ఇది మన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజే. నా బదులు డ్యూటీ చేసేవాడు అక్కడ భోజనాల్లో ఉన్నాడు, వాడికి చేతకాదు. ఇప్పుడే వస్తా' అన్నాడు. నేను సరే అన్నాను. ఎవరో పెట్రోమాక్స్ తెచ్చి తెర దించేసరికి అవతల పీట ఖాళీ. అందరూ గోల. నేను చెప్తూనే ఉన్నాను, పెళ్లికూతురు మాట ఎవరు వింటారు! మీ విలేకరి భోజనాల బంతిలోనే కూర్చుని ఉన్నాడు, పేజీ ఎనిమిదింటికి మూసేస్తారంట కదా, అక్కడి నుంచే ఫోన్ కొట్టేశాడు."

అక్క అరుగు అంచుకు జరిగింది. "తర్వాత?"

బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ మాట విని ఎన్నాళ్లైందో ఆయనకే తెలుసు.

"ఎనిమిదీ ఐదుకి లైట్లు వెలిగాయి. వెనకాలే ఆయన వచ్చాడు, పట్టుపంచె అంతా గ్రీజు. పంతులుగారు ఇంకో ముహూర్తం వెతికారు. చెయ్యి ఎంత తోమినా పోలేదు. ఫొటోలో చూడండి, నా నెత్తి మీద అయిదు నల్లటి వేళ్లు."

ఫొటో చేతులు మారింది. జగన్నాథంగారు దాన్ని చాలాసేపు పట్టుకున్నారు.

"పేజీ ఎనిమిదింటికి మూశాం," అన్నారు తనలో తను అనుకున్నట్టు. "ఐదు నిమిషాలు." తర్వాత తల్లి వంక తిరిగి, "అదే చోట, అంతే పెద్ద అక్షరాల్లో వేస్తానమ్మా. అసలు జరిగింది. వసుంధరగారూ, ఇకనుంచి శీర్షికతో పాటు వార్త కూడా చూపించండి, తర్వాతేమైందో కూడా. అంకె చెడిపోతే చెడిపోనివ్వండి," అన్నారు.

"ఆ అంకె మొదటి నుంచీ చెడ్డదేనండీ. నేనే శుభ్రంగా ఉందనుకున్నాను," అన్నాను.

"మరి ఏం పెడదాం పైన?" ఆయన జేబులోంచి కలం తీశారు.

అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. సీతామాలక్ష్మిగారు "మా అల్లుడు బంగారం" అని పెట్టమంది. బావ "పెళ్లి ఆపి వెలుగు తెచ్చాడు" అన్నాడు. "పెళ్లి ఆగలేదండీ," అని భవాని దిద్దింది. ఈ గొడవ మధ్యలో భవాని భర్త నూకరాజు భోజనానికి వచ్చాడు. ఎండకు నల్లబడ్డ సన్నటి మనిషి. తన గురించి నలుగురు వాదించుకుంటూంటే సిగ్గుపడి విస్తరి ముందు తల వంచుకుని కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాడో లేదో, పైన ఫ్యాన్ ఆగింది. జేబులో ఫోన్ మోగింది.

"ఆఁ, ఆఁ. లైను ఆపించావా? వస్తున్నా." చెయ్యి కడిగి, తాడూ బెల్టూ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"ఇదిగో, మళ్లీ మాయం," అంది భవాని విస్తరి మీద పళ్లెం మూస్తూ.

వీధి చివర స్తంభం. అతను ఎక్కడం అరుగు మీదికి కనిపిస్తోంది. అక్క లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. ఎర్రటి ఎండలో గబగబా నడిచి, తర్వాత పరుగెత్తి, స్తంభం కిందికి చేరింది. మేమంతా వెనకాల. నూకరాజు పైన ఒక కాలు ఇనుప కొయ్య మీద పెట్టి, రెండో కాలు గాల్లో ఉంచి, ఒంగి దేన్నో అందుకుంటున్నాడు. కొయ్య మీద కాలు కాస్త జారి మళ్లీ నిలదొక్కుకుంది.

"అమ్మో!!"

పక్క కొబ్బరిచెట్టు మీది కాకులు లేచాయి. అక్క రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది, నోరు తెరిచి ఉంది, కళ్లలో నీళ్లు. "అమ్మో, బాబోయ్, అలా ఒంగకు నాయనా! అమ్మో, చెయ్యి వదిలేశాడు! ఏవండీ, చూశారా, చెయ్యి వదిలేశాడు!"

బావ స్తంభం వంక చూడడం లేదు. ఆమె వంకే చూస్తున్నాడు. తల ఊపుతున్నాడు.

"అమ్మో, అమ్మో, తర్వాత ఏం చేస్తాడే ఇప్పుడు?"

పైనుంచి నూకరాజు కిందికి కేకేశాడు.

"ఎవరమ్మా అది? కాస్త మెల్లగా! ఇన్నేళ్లలో లేంది, నాకు భయమేస్తోంది!"